జాయిస్టు స్లాబు సొంత బరువు: మోడల్‌లో ఒక్కసారే లెక్కకు రావాలంటే

ప్రశ్న సారాంశం ఇది. బీముల మధ్య 8.4 మీటర్ల స్పాన్. మొత్తం లోతు 375 మి.మీ. ఉన్న ఆర్‌సీసీ జాయిస్టు స్లాబు, అంటే పలుచటి పలక కింద వరుసగా సన్నని దూలాలు ఉండే స్లాబు. ఆ దూలాలనే జాయిస్టులు లేదా రిబ్బులు అంటాం. పైన టాపింగ్ (పై పలక) 75 మి.మీ., దాని కింద 300 లోతు రిబ్బు. రిబ్బు వెడల్పు పైన 180, అడుగున 120. రిబ్బుల మధ్య దూరం 900. భవనాల విశ్లేషణ సాఫ్ట్‌వేర్ ఈట్యాబ్స్‌లో స్లాబును షెల్‌గా (పలక ఎలిమెంట్‌గా), జాయిస్టులను ఫ్రేములుగా (గీత ఎలిమెంట్లుగా) పెడితే డెడ్ లోడ్ (కట్టడం సొంత బరువు) చేతి లెక్క కన్నా బాగా ఎక్కువ వస్తోంది. స్లాబు బరువు తీసేయాలా, జాయిస్టు బరువు తీసేయాలా, లేక సమాన మందం ఉన్న మామూలు స్లాబుగా పెట్టేయాలా?

ఏది తీసేయాలో తేల్చే ముందు అసలు బరువెంతో కాగితం మీద ఉండాలి. కాంక్రీటు డిజైన్ ప్రమాణం ఐఎస్ 456: 2000 ప్రకారం ఆర్‌సీసీకి ఘనపు మీటరుకు 25 కిలోన్యూటన్లు తీసుకుంటాం. టాపింగ్ బరువు 0.075 × 25 = 1.875 కి.న్యూ./చ.మీ. రిబ్బు సగటు వెడల్పు 150 కనుక మీటరు పొడవుకు 0.15 × 0.30 × 25 = 1.125 కి.న్యూ. దాన్ని 0.9తో భాగిస్తే 1.25 కి.న్యూ./చ.మీ. మొత్తం 3.125. అంటే కాంక్రీటు పరంగా ఇది సరిగ్గా 125 మి.మీ. సాదా స్లాబుతో సమానం. ఈ 3.125 అంకెను పక్కన రాసి పెట్టుకోండి, కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

'సమాన మందం' అనగానే అందరూ పొరబడేది ఇక్కడే. బరువుకు సమాన మందం వేరు, బిగువుకు, అంటే వంగకుండా నిలిచే గుణానికి, సమాన మందం వేరు. 900 వెడల్పు పట్టీని టీ సెక్షన్‌గా తీసుకుని, వెబ్ వెడల్పు సగటున 150 అనుకుంటే, సెంట్రాయిడ్ (విస్తీర్ణ కేంద్రం) పై నుంచి 112.5 మి.మీ. దగ్గర వస్తుంది. జడత్వ భ్రామకం, అంటే 'ఐ' విలువ, సుమారు 131.8 కోట్ల మి.మీ.⁴. అదే 'ఐ' ఇచ్చే సాదా స్లాబు మందం 260 మి.మీ. కనుక బిగువు కోసం 260 పెట్టి ఊరుకుంటే బరువు 6.5 కి.న్యూ./చ.మీ. అవుతుంది, అసలుకు రెట్టింపు దాటి. బరువు కోసం 125 పెడితే బిగువు తొమ్మిదో వంతుకు పడిపోతుంది, డిఫ్లెక్షన్ (కిందికి వంగడం) తొమ్మిది రెట్లు కనిపిస్తుంది. ఒకే మందంతో రెండు పనులూ కావు. సమాన మందం పద్ధతి తప్పని కాదు, దాంతో పాటు మాడిఫయర్లు, అంటే బిగువునూ బరువునూ విడివిడిగా గుణించే అంకెలు, కూడా ఇస్తేనే అది పూర్తవుతుంది.

ఆ మాడిఫయర్లు ఈ స్లాబుకు ఇలా వస్తాయి. షెల్ మందం 260. లోకల్ 1 అక్షం రిబ్బుల వెంట ఉందనుకుందాం. బెండింగ్‌లో రిబ్బుల దిశలో వంగే బిగువైన ఎం11కు 1.0. అడ్డ దిశ ఎం22లో పనిచేసేది 75 టాపింగ్ ఒక్కటే కాబట్టి 75, 260ల ఘనాల నిష్పత్తి, అంటే 0.024. మెలికకు చెందిన ఎం12కూ అదే వేస్తే రిబ్బు టార్షన్‌ను (మెలికను తట్టుకునే బిగువును) వదిలేసినట్టు. గ్రావిటీ డిజైన్‌కు అది చాలు. మెంబ్రేన్‌లో, అంటే పలక తన తలంలోనే లాగుడు, నొక్కుడు తట్టుకునే బిగువులో, ఎఫ్11కు 125/260 = 0.481, ఎఫ్22కూ ఎఫ్12కూ 75/260 = 0.288. ఇక వెయిట్, మాస్ రెండింటికీ 0.481. వెయిట్ మార్చి మాస్‌ను 1 దగ్గరే వదిలేయడం చాలా మోడళ్లలో కనిపిస్తుంది. అప్పుడు గ్రావిటీ లెక్క సరిగానే కనబడుతుంది. మాస్‌ను ఎలిమెంట్ల నుంచి తీసుకునే మోడలైతే భూకంప బలం మాత్రం ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. ఇంకో జాగ్రత్త: క్రాకింగ్ కోసం ఎం11కు తగ్గింపు వేసేటప్పుడు అదే అంకె కింది వెయిట్ వరుసలోకి కాపీ కాకుండా చూడండి. క్రాకయినంత మాత్రాన కాంక్రీటు బరువు తగ్గదు కదా.

శాప్ 2000 అనే మరో సాఫ్ట్‌వేర్‌లో ఈ పని కొంత తేలిక. అక్కడ షెల్‌కు మెంబ్రేన్ మందం, బెండింగ్ మందం విడివిడిగా ఇవ్వొచ్చు, సొంత బరువూ మాసూ మెంబ్రేన్ మందం నుంచే లెక్కవుతాయి. మెంబ్రేన్ 125, బెండింగ్ 260 ఇస్తే బరువు దానంతటదే 3.125 వస్తుంది, వెయిట్ మాడిఫయర్ అక్కర్లేదు. రిబ్బుకు అడ్డ దిశలో బిగువు తగ్గించే మాడిఫయర్లు మాత్రం ఇక్కడా కావాలి. నిష్పత్తులు ఆయా మందాల మీద మళ్లీ కట్టుకోవాలి: ఎఫ్22కు 75/125 = 0.6, ఎం22కు పై 0.024యే.

ఈట్యాబ్స్, సేఫ్ (స్లాబుల డిజైన్ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు వీటన్నిటికన్నా శుభ్రమైన దారి రిబ్డ్ స్లాబ్ ప్రాపర్టీ. ఓవరాల్ డెప్త్ 375, స్లాబ్ థిక్‌నెస్ 75, స్టెమ్ విడ్త్ పైన 180, కింద 120, రిబ్ స్పేసింగ్ 900 ఇవ్వండి. రిబ్బులు ఏ లోకల్ అక్షానికి సమాంతరమో ఎంచండి. బరువునూ రెండు దిశల బిగువునూ ప్రోగ్రామే కడుతుంది. ఈ ప్రాపర్టీ పెట్టాక దాని మీద మళ్లీ జాయిస్టులను ఫ్రేములుగా గీయకూడదు. 'రిబ్బుకు రీఇన్ఫోర్స్‌మెంట్ ఎలా చూడాలి' అన్న ఆలోచనతో చాలామంది గీస్తారు, అక్కడితో రిబ్బు రెండుసార్లు లెక్కకొస్తుంది. రిబ్బు మొమెంట్ కావాలంటే ఫ్రేములు గీయకుండా 900 వెడల్పు డిజైన్ స్ట్రిప్పు వేసి తీసుకోండి.

జాయిస్టులను ఫ్రేములుగానే పెట్టాల్సిన సందర్భాలూ ఉన్నాయి. స్లాబులో కటౌట్లు, జాయిస్టు మీద గోడ, సరిగా వరుసలో లేని స్పేసింగ్ లాంటివి ఉంటే ఫ్రేము పద్ధతే నయం. అప్పుడు పాటించాల్సింది ఒకటే: స్లాబు, జాయిస్టు, బీము, వీటిలో ప్రతి ఘనపు అడుగు కాంక్రీటునూ మోసే ఎలిమెంట్ ఏదో ముందే తేల్చుకోవాలి, రెండో ఎలిమెంట్‌లో దాని బరువు సున్నా కావాలి. శాప్ 2000, స్టాడ్ ప్రో (ఇంకో విశ్లేషణ సాఫ్ట్‌వేర్) రెండూ ఫ్రేము బరువును సెక్షన్ విస్తీర్ణం × పొడవు × సాంద్రతగా, షెల్ లేదా ప్లేటు బరువును విస్తీర్ణం × మందం × సాంద్రతగా విడివిడిగా కడతాయి. రెండూ ఒకదానిలో ఒకటి మునిగి ఉన్న సంగతి వాటికి పట్టదు.

రెండు అమరికలు బాగా పనిచేస్తాయి. మొదటిది: జాయిస్టును ఫ్లాంజ్ (టీ పై పలక) 900, మొత్తం లోతు 375 ఉన్న టీ సెక్షన్‌గా ఇవ్వండి. స్లాబును మెంబ్రేన్‌గా గీసి దాని వెయిట్, మాస్ మాడిఫయర్లు సున్నా చేయండి. మెంబ్రేన్ పని ఫినిషుల (టైల్స్, పూత లాంటివాటి) బరువునూ లైవ్ లోడునూ (మనుషులు, సామాను బరువునూ) జాయిస్టులకు పంచడం ఒక్కటే. బిగువూ బరువూ రెండూ టీ నుంచే వస్తాయి, ఏమీ రెట్టింపు కాదు. అంచు జాయిస్టుకు ఫ్లాంజ్ సగమే ఉంటుంది, దానికి వేరే సెక్షన్ చేయండి. అది మర్చిపోతే ఫ్లాంజ్ భవనం బయటికి వేలాడుతున్నట్టు బరువు పడుతుంది. రెండోది: 75 మి.మీ. షెల్, దాని కింద 150 × 300 రిబ్బు, ఇన్సర్షన్ పాయింట్ (ఎలిమెంట్‌ను జరిపే సెట్టింగు) వాడి కిందికి దించి. బరువు కచ్చితంగా 3.125 వస్తుంది. దీనిలో చిక్కు వేరే చోట ఉంటుంది. ఆఫ్‌సెట్ వల్ల ఫ్రేములో యాక్సియల్ బలం పుడుతుంది, మొమెంట్ షెల్‌కూ ఫ్రేముకూ మధ్య పంచుకుపోతుంది, ఫ్రేము మొమెంట్ ఒక్కటి చూసి కమ్మీ కడితే తక్కువ పడుతుంది. అందుకే మామూలు భవనాలకు మొదటి అమరికకే నా ఓటు.

స్టాడ్‌లోనూ అదే టీ పద్ధతి నడుస్తుంది. వైడీ, జెడ్‌డీ, వైబీ, జెడ్‌బీ (మొత్తం లోతు, ఫ్లాంజ్ వెడల్పు, వెబ్ లోతు, వెబ్ వెడల్పు) కొలతలతో ప్రిస్మాటిక్ టీ ఇచ్చి, ప్లేట్లు పెట్టకుండా, ఫ్లోర్ లోడ్‌గా ఫినిషులు, లైవ్ లోడ్ మాత్రమే ఇవ్వండి. స్లాబు బరువు సెల్ఫ్‌వెయిట్ కమాండ్‌లోనే టీ ద్వారా వచ్చేసింది. అలవాటు కొద్దీ ఫ్లోర్ లోడ్‌లో 0.075 × 25 మళ్లీ కలిపితే తప్పే. స్టాడ్ డిఫాల్ట్ కాంక్రీటు సాంద్రత 23.5616 కి.న్యూ./ఘ.మీ. అన్నదీ గుర్తుంచుకోండి. మార్చకపోతే బరువు దాదాపు 5.8 శాతం తక్కువ పడుతుంది. ఈట్యాబ్స్‌లో ఇండియా ఎంచితే ఎం25 గ్రేడ్ కాంక్రీటుకు 24.9926 ఉంటుంది, ఫరవాలేదు. అమెరికా మెటీరియల్ 4000 పీఎస్‌ఐ మిగిలిపోతే అక్కడా 23.56 చుట్టూ ఉంటుంది.

మొత్తం భవనంలో వెతికితే తప్పు ఎక్కడుందో దొరకదు. కొత్త ఫైలులో ఒకే ఒక్క పట్టీ చేయండి: 900 వెడల్పు, 8.4 మీటర్ల పొడవు, ఒక జాయిస్టు, రెండు చివర్లా సపోర్టు. మీ మోడల్‌లో వాడిన ప్రాపర్టీలే వాడండి. డెడ్ ఒక్కటే రన్ చేసి బేస్ రియాక్షన్ (సపోర్టుల మీద పడే మొత్తం బరువు) చూడండి. రావాల్సింది 3.125 × 0.9 × 8.4 = 23.63 కి.న్యూ. వచ్చిన అంకె చూస్తే ఏ తప్పు జరిగిందో తెలిసిపోతుంది. 25.99 వస్తే 375 పూర్తి లోతున్న దీర్ఘచతురస్రపు జాయిస్టు టాపింగ్‌లోకి చొచ్చుకుపోయింది, పది శాతం అదనం అదే. 37.8 వస్తే టీ సెక్షనూ స్లాబూ రెండూ బరువు మోస్తున్నాయి. 35.44 అయితే రిబ్డ్ ప్రాపర్టీ మీద పూర్తి లోతు ఫ్రేము గీశారు. 49.14 అంటే 260 మందానికి వెయిట్ మాడిఫయర్ లేదు. 14.18 అయితే రిబ్బులు లెక్కలోకే రాలేదు. 47.25, అంటే సరిగ్గా రెట్టింపు వస్తే ఎలిమెంట్లను వదిలేసి లోడ్ పాటర్న్‌లు (డెడ్, ఫినిషులు లాంటి లోడు వర్గాలు) చూడండి. డెడ్‌తో పాటు ఫినిషుల పాటర్న్‌కు కూడా సెల్ఫ్ వెయిట్ మల్టిప్లయర్ 1 ఇచ్చి ఉంటారు. అది ఒక్క డెడ్‌కే 1, మిగతా అన్నిటికీ 0. ఇది చూడటానికి రన్‌లో రెండు పాటర్న్‌లనూ కలపాలి. మీరు చెప్పిన 'బాగా ఎక్కువ'కు 37.8 కేసే కారణమని నా అంచనా.

ఈట్యాబ్స్‌లో బీమూ స్లాబూ కలిసే చోట బరువు తగ్గుతుందా లేదా అన్న వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఆ వాదనలోకి దిగనక్కర్లేదు. ఈ పట్టీ మీ వెర్షన్‌లో, మీ సెట్టింగులతో ఏం చెప్పిందో అదే నమ్మండి.

మొత్తం రియాక్షన్ సరిపోయినంత మాత్రాన పని అయిపోలేదు. రిబ్బు దిశ 90 డిగ్రీలు తిరిగిపోయినా మొత్తం బరువు అంతే ఉంటుంది, కానీ అది చేరాల్సిన బీములకు కాకుండా పక్క బీములకు చేరుతుంది. కాబట్టి రిబ్బులు ఆనే బీముల మీదా రిబ్బులకు సమాంతరంగా ఉన్న బీముల మీదా షియర్ విడివిడిగా చూడండి. రిబ్బులకు సమాంతరమైన బీము మీద దాదాపు ఏమీ పడకూడదు. మెంబ్రేన్ వాడి జాయిస్టులను గీయకపోతే స్పెషల్ వన్‌వే లోడ్ డిస్ట్రిబ్యూషన్ టిక్కు పెట్టి, లోకల్ 1 అక్షం స్పాన్ వైపు ఉందో లేదో బాణాలు ఆన్ చేసి చూడాలి. లేకపోతే లోడు నాలుగు వైపులా పంచబడుతుంది.

ఇప్పుడు దాదాపు ప్రతి మోడల్‌లోనూ వదిలేసే బరువు గురించి. జాయిస్టులు బీమును కలిసేచోట షియర్ కోసమూ, నెగెటివ్ మొమెంట్‌కు కింది కంప్రెషన్ కోసమూ రిబ్బుల మధ్య ఖాళీని కాంక్రీటుతో నింపి గట్టి పట్టీ పోస్తారు. 375 గట్టి స్లాబు బరువు 9.375 కి.న్యూ./చ.మీ., అంటే రిబ్డ్ భాగం కన్నా 6.25 ఎక్కువ. బీము ముఖం నుంచి 600 మి.మీ. పట్టీ రెండు వైపులా ఉందనుకోండి. బీములు 400 వెడల్పు, క్లియర్ స్పాన్ (బీము ముఖం నుంచి ముఖానికి) 8 మీటర్లు. జాయిస్టు మధ్య మొమెంట్ మీద దీని ప్రభావం 4.5 శాతమే, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ బీము మీదికి ఒక వైపు నుంచి వచ్చే సొంత బరువు మీటరుకు 12.5 కి.న్యూ. నుంచి 16.25కు పెరుగుతుంది, అంటే ముప్పై శాతం. అది బీము, కాలమ్, ఫుటింగ్ అన్నిటి మీదా పడుతుంది. దీన్ని చేర్చడానికి తేలికైన దారి, ఆ పట్టీని వేరే ఏరియాగా విడగొట్టి 6.25 ఏరియా లోడ్‌ను వేరే పాటర్న్‌లో వేయడం. జాయిస్టు ఫ్రేములు ఆ పట్టీ గుండా వెళ్తున్నా ఇబ్బంది లేదు, ఎందుకంటే 6.25 అన్నది ఉన్న రిబ్బులను తీసేశాక మిగిలే అదనమే.

స్పాన్ మధ్యలో డిస్ట్రిబ్యూషన్ రిబ్బు (జాయిస్టులకు అడ్డంగా పోసే రిబ్బు) ఉంటే, 150 × 300 సైజుకు జాయిస్టు ఒక్కింటికి 0.84 కి.న్యూ. పాయింట్ లోడ్ అవుతుంది. సరాసరి చూస్తే నాలుగు శాతం లోపే, కానీ అది పడేది స్పాన్ మధ్యలో. టాపింగ్ మందం కూడా సైట్‌లో 75 దగ్గర ఆగదు. సెంట్రింగ్ కాస్త కుంగినా, లెవెల్ సరిచేసినా 85 పోస్తారు, ఆ 10 మి.మీ. 0.25 కి.న్యూ./చ.మీ., అంటే ఎనిమిది శాతం. దాన్ని ఫినిషుల లోడులో ముందే కలుపుకోవడం మంచిది.

బీముల మధ్యరేఖ వరకు జాయిస్టు గీస్తే ఒక్కో చివర 200 మి.మీ. టీ సెక్షన్ బీము లోపల ఉంటుంది, 0.56 కి.న్యూ. అదనం, చివరి రియాక్షన్‌లో సుమారు 4.8 శాతం. ఈట్యాబ్స్ ఎండ్ లెంగ్త్ ఆఫ్‌సెట్ దగ్గర సొంత బరువు పూర్తి పొడవుకా, క్లియర్ పొడవుకా అని ఎంచుకోవచ్చు. ఇంత చిన్న తేడాను వదిలేసినా ఫరవాలేదు. కానీ 'బరువు ఎక్కువైతే సేఫ్ సైడే కదా' అన్న మాటను పెద్ద తేడాలకు వాడకండి. 0.9 డెడ్ లోడ్‌తో గాలి లేదా భూకంపం కలిపే కాంబినేషన్లలో డెడ్ లోడే ఆసరా. అక్కడ లేని బరువును చూపిస్తే కాలమ్‌లో టెన్షన్, ఫుటింగ్ అప్‌లిఫ్ట్ (పైకి లేవడం) కనబడకుండా పోతాయి.

మాస్ సోర్స్ (భూకంప లెక్కకు మాస్ ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పే సెట్టింగు) దగ్గర కూడా ఇదే రెట్టింపు గొడవ. ఎలిమెంట్ సెల్ఫ్ మాస్ టిక్కు, డెడ్ పాటర్న్ 1.0 రెండూ పెడితే కాంక్రీటు మాస్ రెండుసార్లు. స్లాబు బరువును మాడిఫయర్‌తో సున్నా చేసి ఏరియా లోడుగా ఇచ్చినప్పుడు ఎలిమెంట్ సెల్ఫ్ మాస్ ఒక్కటే ఉంచితే స్లాబు మాసే ఉండదు. పాటర్న్‌ల నుంచి మాత్రమే తీసుకోవడం సురక్షితం: డెడ్ 1, ఫినిషులు 1, గట్టి పట్టీల పాటర్న్ 1, భూకంప ప్రమాణం ఐఎస్ 1893 (భాగం 1): 2016 ప్రకారం 3 కి.న్యూ./చ.మీ. వరకు లైవ్ లోడ్ 0.25, అంతకు మించితే 0.5. స్టోరీ వారీ మాస్ పట్టికను చేతి లెక్కతో ఒక్క అంతస్తుకైనా పోల్చండి.

గల్ఫ్‌లో పనిచేసే మన ఇంజినీర్లకు ఎక్కువగా ఎదురయ్యే హోర్డీ స్లాబులో రిబ్బుల మధ్య పేర్చిన బ్లాకులు లోపలే ఉండిపోతాయి. రిబ్డ్ ప్రాపర్టీకి బ్లాకుల సంగతి తెలియదు. 150 రిబ్బు, 400 బ్లాకు, 550 స్పేసింగ్, 250 + 70 లోతు అనుకుంటే టాపింగ్ 1.75, రిబ్బు 1.70. బ్లాకు పొడవు 200 అయితే చదరపు మీటరుకు 9.1 బ్లాకులు పడతాయి. ఒక్కోటి 17 కిలోలు తూగితే 1.52 కి.న్యూ./చ.మీ. మొత్తం 4.97, అందులో దాదాపు మూడో వంతు ప్రోగ్రామ్ లెక్కకు రానిదే. బ్లాకును కేటలాగ్ చూసి కాదు, వచ్చిన లోడు నుంచి తీసి తూకం వేయించండి. థర్మోకోల్ ఫిల్లర్ అయితే దాని బరువు పట్టించుకోనక్కర్లేదు.

వాఫిల్ స్లాబుకు, అంటే రెండు దిశల్లోనూ రిబ్బులుండే స్లాబుకు, ఆ రిబ్బులు కలిసే చౌకాన్ని ఒక్కసారే లెక్కించాలి. పై కొలతలతోనే రెండు వైపులా రిబ్బులుంటే బరువు 4.17, కూడలిని తీసేయకుండా కడితే 4.375. కాలమ్ చుట్టూ గట్టి తలకాయకు పైన చెప్పిన గట్టి పట్టీ లెక్కే.

చివరగా, ప్రీకాస్ట్ జాయిస్టులు, అంటే ప్లాంకులు లేదా ఫిల్లర్ బ్లాకులు పేర్చి పైన టాపింగ్ పోసే పద్ధతి అయితే బరువు ఎంత అన్నదానితో పాటు ఏ సెక్షన్ మీద పడింది అన్నదీ చూడాలి. కింద ప్రాపులు (తాత్కాలిక ఆసరాలు) లేకపోతే జాయిస్టు, ప్లాంకు, పచ్చి టాపింగ్ బరువంతా జాయిస్టు ఒంటరి సెక్షన్ మీదే పడుతుంది. కాంపోజిట్ టీ మోసేది తర్వాత వచ్చే ఫినిషులూ లైవ్ లోడూ మాత్రమే. మొత్తం బరువును టీ మీద వేసి డిఫ్లెక్షన్ చూస్తే అందంగా కనిపిస్తుంది, పోత రోజున జాయిస్టు మాత్రం వంగుతుంది. స్టేజ్డ్ కన్‌స్ట్రక్షన్ (దశలవారీగా లెక్క కట్టే పద్ధతి) వాడండి, లేదా రెండు వేర్వేరు మోడళ్లు చేసి స్ట్రెస్‌లను కలపండి. ప్రాపులు పెట్టి టాపింగ్ గట్టిపడ్డాక తీస్తే, అప్పటిదాకా ప్రాపులు మోసిన బరువు టీ మీదికి వస్తుంది. ప్రాపులు ఎన్ని, ఎక్కడ, ఎన్ని రోజులు అన్నది డ్రాయింగు మీద రాయకపోతే సైట్‌లో మేస్త్రి తనకు తోచినట్టు తీసేస్తాడు. మీరు చేసిన మోడల్ ఏ కేసుకు చేశారో అదే మాట డ్రాయింగు నోట్‌లో ఉండాలి.